క్రియాటినిన్ 1.2, రిపోర్టులో ‘నార్మల్’: ఉద్దానం గర్భిణిలో నెలలు నిండని కాన్పు ముప్పు

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి చెందిన పాతికేళ్ల లోపు మహిళ. రెండో గర్భం. ఊరు, ఆసుపత్రులు, సంవత్సరం ఇక్కడ రాయడం లేదు. మనిషిని గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు మార్చాం.

మొదటి గర్భంలో 31 వారాలకు తలనొప్పి, కళ్లు మసకబారడం, 170/110 బీపీతో ఆసుపత్రికి చేరింది. అర్జెంటుగా సిజేరియన్ చేశారు. 1,100 గ్రాముల మగబిడ్డ పుట్టి నాలుగో రోజున పోయాడు. డిశ్చార్జి కాగితంలో ‘సివియర్ ప్రీఎక్లాంప్సియా’ (గర్భంలో బీపీ బాగా పెరిగి కిడ్నీ, కాలేయం లాంటి అవయవాలు దెబ్బతినే జబ్బు) అని ఒక్క ముక్క ఉంది. కాన్పయ్యాక బీపీ మామూలుకొచ్చిందా, మూత్రంలో ప్రొటీన్ పోయిందా, క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) ఎంత అనేవి ఎక్కడా లేవు. ఇచ్ఛాపురం వైపు వాళ్లు కొన్నిసార్లు శ్రీకాకుళం, కొన్నిసార్లు ఒడిశాలోని బరంపురం వెళ్తుంటారు కాబట్టి కాగితాలు రెండు రాష్ట్రాల్లో చెల్లాచెదురుగా ఉండటం కొత్తేమీ కాదు. ఈ కేసులో అసలు ఆ పరీక్షలే జరగలేదు.

ఆమె తండ్రి డయాలిసిస్ మీద ఉన్నాడు. ఆమె పెళ్లికి ముందు నుంచీ జీడిపప్పు పనికి వెళ్తోంది. రోజంతా కింద కూర్చుని చేసే పని, సాయంత్రానికి నడుంనొప్పి, నొప్పికి మందుల షాపులో ఇచ్చే మాత్ర. ఈ మూడు సంగతులూ మొదటి గర్భం కాగితాల్లో లేవు. అడిగితే ఒక్క నిమిషంలో చెప్పింది.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల వైపు ఉన్న కిడ్నీ జబ్బు గురించి తెలియని తెలుగు పాఠకులుండరు. దానికి కారణం ఇంకా తేలలేదు. ప్రసూతి వైద్యులకు అవసరమైన సంగతి వేరే ఉంది. ఈ జబ్బు ఎక్కువగా కిడ్నీలోని సన్నని నాళాలనూ, వాటి చుట్టూ ఉండే కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. వడపోత గుత్తులను అంతగా ముట్టుకోదు. అందువల్ల చాలాకాలం మూత్రంలో ప్రొటీన్ పోదు, బీపీ ఎక్కదు, కాళ్లకు నీరు పట్టదు. మన గర్భిణి పరీక్షల్లో కిడ్నీని చూసే సాధనాలు రెండే: బీపీ, మూత్రంలో ప్రొటీన్ పట్టీ. ఈ జబ్బు ఆ రెంటినీ తప్పించుకుంటుంది.

వచ్చినప్పటి పరిస్థితి

ఆమె లెక్క ప్రకారం పది వారాలు దాటాయి. సంక్రాంతి వెళ్లిన వారంలో ముట్టు వచ్చిందని చెప్పింది. స్కాన్‌లో పిండం పొడవు 24 మిల్లీమీటర్లు, అంటే 9 వారాల 1 రోజు. తేడా పది రోజులు. ఈ దశలో వారానికి మించి తేడా ఉంటే స్కాన్ తేదీనే తీసుకోవాలి. 9వ వారంలో పది రోజులు పెద్ద విషయంగా కనిపించవు గానీ, 33వ వారంలో ‘ఇప్పుడు తీయాలా, ఆగాలా’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ పది రోజుల మీదే మాట తేలుతుంది.

బీపీ 116/74. మూత్రంలో ప్రొటీన్ పట్టీ: లేదు. హిమోగ్లోబిన్ 8.6. క్రియాటినిన్ 1.2. ల్యాబు కాగితంలో దాని పక్కన 0.6 నుంచి 1.2 అని అచ్చయి ఉంది, కింద గీత లేదు, నక్షత్రం గుర్తు లేదు.

ఆ కొలత గర్భిణులది కాదు. గర్భం మొదలైన కొద్ది వారాల్లోనే కిడ్నీల వడపోత దాదాపు సగం మేర పెరుగుతుంది, దాంతో క్రియాటినిన్ 0.4 నుంచి 0.8 మధ్యకు దిగుతుంది. 0.87 దాటితే గర్భిణిలో మామూలు కాదనే చూడాలి. 9 వారాలకే 1.2 ఉందంటే గర్భానికి ముందు ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది. కిడ్నీ సామర్థ్యం లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ సూత్రాలు గర్భిణులకు పనికిరావు, కాబట్టి కాగితంలో ఆ అంకె ఉన్నా పక్కన పెట్టాలి.

ఒక్క అంకె చూసి జబ్బు పేరు పెట్టలేం. నీళ్లు సరిగా తాగనిచ్చి వారం తర్వాత అదే ల్యాబులో మళ్లీ చేయించాం. ల్యాబు మారితే పద్ధతి మారుతుంది, 0.1 తేడాకు అర్థం ఉండదు. మళ్లీ 1.2 వచ్చింది. కిడ్నీల స్కాన్‌లో కుడిది 8.3, ఎడమది 8.5 సెంటీమీటర్లు. గర్భంలో కిడ్నీలు ఒక సెంటీమీటరు దాకా పెరగాల్సింది పోయి ఇవి చిన్నవిగా ఉన్నాయి. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ నిష్పత్తి 0.2, అంటే 0.3 హద్దు లోపే. 34 వారాల లోపు తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాతో కాన్పయిన చరిత్ర ఉంది కనుక రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్షలు కూడా చేయించాం. ఆ యాంటీబాడీలు లేవని తేలింది. కిడ్నీ వైద్యుడితో కలిసి చూసి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని ఖాయం చేశాం. మొదటి కాన్పులో వచ్చింది ఉత్త ప్రీఎక్లాంప్సియా కాదు, లోపల ఉన్న కిడ్నీ జబ్బు మీద వచ్చి కూర్చున్న ప్రీఎక్లాంప్సియా అయి ఉండాలి.

గర్భం కొనసాగించాలా అన్నది ముందుగా మాట్లాడాల్సిన విషయం. క్రియాటినిన్ 1.4 లోపు ఉంటే చాలామందికి బిడ్డ దక్కుతుంది, ముందుగా కాన్పు అయ్యే ముప్పు మాత్రం మామూలు వాళ్లకంటే బాగా ఎక్కువ. 2 దాటితే బిడ్డకూ తల్లి కిడ్నీకీ ఇద్దరికీ గండమే. ఈమె 1.4 లోపు ఉన్నవాళ్లలోకే వస్తుంది. కిడ్నీ ఇంకొంచెం దెబ్బతినవచ్చని కూడా దాచకుండా చెప్పాం. భార్యాభర్తలు విడిగా మాట్లాడుకుని కొనసాగిస్తామన్నారు.

ఈ ముప్పు ఏ దారిలో వస్తుంది?

37 వారాలు నిండకముందు జరిగే కాన్పులన్నీ ఒకటి కావు. నొప్పులు ముందే మొదలవడం, ఉమ్మనీరు ముందే పోవడం, గర్భాశయ ముఖద్వారం కురచబడటం ఒక దారి. తల్లికో బిడ్డకో ప్రాణం మీదికొచ్చి వైద్యులే ముందుగా కాన్పు చేయడం రెండో దారి. ఇది తేల్చుకోకుండా మందు రాస్తే పనికిరాని మందు పడుతుంది.

ఈమెకు అదే జరిగింది. మా దగ్గరికి రాకముందు ఒకచోట ‘గతంలో నెలలు నిండకుండా పుట్టింది’ అన్న ఒక్క మాట మీద, గర్భం నిలవడానికంటూ వారం వారం ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు, మంచం దిగొద్దన్నారు. ఆ రకం ఇంజెక్షన్ ఉపయోగం రుజువు కాలేదని 2023లో అమెరికాలో మార్కెట్ నుంచే తీసేశారు. పైగా ఈమెకు మొదటిసారి నొప్పులు రాలేదు, ముఖద్వారం తెరుచుకోలేదు, బీపీ వల్ల కోసి తీశారు. ఇంజెక్షన్ ఆపేశాం. 20 వారాల స్కాన్‌లో, మూత్రాశయం ఖాళీ చేయించి లోపలి నుంచి కొలిస్తే ముఖద్వారం పొడవు 34 మిల్లీమీటర్లు. 25 కంటే తక్కువ ఉంటే కుట్టు గురించి, రాత్రిపూట లోపల పెట్టుకునే ప్రొజెస్టిరాన్ గురించి ఆలోచించేవాళ్లం. ఇక్కడ రెండూ అక్కర్లేదు. మంచాన పడుకోబెట్టడం వల్ల కాన్పు వాయిదా పడదు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రం పెరుగుతుంది. ఎండలో, వేడిలో గంటల తరబడి కూర్చునే పని మాత్రం మాన్పించాం.

మొదలుపెట్టినవి

ఆస్పిరిన్: 12 వారాల నుంచి రాత్రి పడుకునే ముందు 150 మిల్లీగ్రాములు, అంటే 75 మిల్లీగ్రాముల మాత్రలు రెండు. 16 వారాల లోపు మొదలైతేనే గట్టి ఫలితం, ఎందుకంటే మాయ తల్లి రక్తనాళాల్లోకి వేళ్లూనుకునే పని అప్పటికే చాలావరకు అయిపోతుంది. ఇదే మోతాదుతో 2017లో వచ్చిన ఆస్ప్రే అధ్యయనంలో 37 వారాల లోపు కాన్పు అవసరమయ్యే ప్రీఎక్లాంప్సియా సగానికి పైగా తగ్గింది.

క్యాల్షియం: 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, అన్నంతో. ఐరన్ మాత్ర దానికి కనీసం రెండు గంటల ఎడంగా. టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు.

మూత్రం కల్చర్ (క్రిములు పెరుగుతున్నాయేమో చూసే పరీక్ష): ఏ బాధా లేకపోయినా నెలకోసారి. 14 వారాలకు ఈ-కోలై లక్షకు పైగా పెరిగింది, మంటా జ్వరమూ ఏమీ లేవు. వదిలేస్తే కిడ్నీకి పాకుతుంది, నొప్పులను కూడా ముందే తెస్తుంది. మామూలుగా అందరూ రాసే నైట్రోఫ్యురంటాయిన్ ఇక్కడ వద్దు, వడపోత తగ్గిన కిడ్నీలో అది మూత్రంలోకి చాలినంత చేరదు, ఒంట్లో పేరుకుంటుంది. సెఫలెక్సిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు. కోర్సు అయిన వారానికి కల్చర్ మళ్లీ చేయిస్తే శుభ్రంగా ఉంది.

తిండి దగ్గర అనుకోని చిక్కు. డయాలిసిస్ రోగులున్న ఊళ్లో కిడ్నీ జబ్బు అనగానే పప్పు, గుడ్డు, పాలు మానేయమని ఇరుగుపొరుగే చెప్పేస్తారు. ఆమె అంగన్‌వాడీ గుడ్డు కూడా పక్కన పెట్టేసింది. గర్భంతో ఉన్నప్పుడు ప్రొటీన్ తగ్గించకూడదు, అన్నీ మళ్లీ తినిపించాం. తగ్గించాల్సింది ఉప్పు: ఎండుచేప, ఊరగాయ, అప్పడాలు. కొబ్బరినీళ్ల గురించి అందరూ అడుగుతారు. పొటాషియం 4.4 ఉంది కాబట్టి రోజుకొక బోండాం అభ్యంతరం లేదు. పొటాషియం 5 దాటినవాళ్లకు ఇదే మాట చెప్పకూడదు.

దెబ్బతిన్న చోట్లు

16 వారాలకు మాత్రల అట్టలు తెమ్మన్నాం. ఆస్పిరిన్ దాదాపు మూడు వారాలుగా కదల్లేదు. మొదటి రోజే ‘నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు, కిడ్నీ పోతుంది’ అని గట్టిగా చెప్పాం. తర్వాత ఎవరో ‘ఆస్పిరిన్ కూడా నొప్పి మాత్రే కదా’ అన్నారు. ఆమె మన మాటనే పాటించి మానేసింది. 75, 150 మిల్లీగ్రాముల మోతాదు కిడ్నీకి హాని చేయదు, నొప్పికి వాడే పెద్ద మోతాదు వేరు, డైక్లోఫినాక్ వేరు. ఈ తేడా కార్డు మీద రెండు గడులుగా తెలుగులో రాసి ఇచ్చాం: ఒక గడిలో ‘ఇది రోజూ రాత్రి వేసుకోవాలి’, రెండో గడిలో ‘ఈ పేర్లు షాపువాడు ఇచ్చినా, సూదిగా వేస్తానన్నా వద్దనాలి’. రెండో గడిలో డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్, ఎసిక్లోఫినాక్, నిమెసులైడ్ పేర్లు. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే.

ఐరన్ మాత్రలు కూడా పనిచేయలేదు. నెల రోజులు రోజుకు రెండు చొప్పున వేసుకున్నా హిమోగ్లోబిన్ 8.6 నుంచి 8.8కే వచ్చింది. నెలలో కనీసం 1 గ్రాము పెరగకపోతే మాత్రలు విఫలమైనట్టే. అట్టలు లెక్కపెడితే ఐరన్ నిజంగానే మింగింది. నులిపురుగులకు ఆల్బెండజోల్ ఇచ్చాం, సికిల్ సెల్ జబ్బు లేదని పరీక్షలో వచ్చింది, ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ 14, అంటే తక్కువ. 17 వారాలకు నరానికి ఇచ్చే ఐరన్ మందు ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ 1,000 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో పావుగంటలో ఎక్కించాం. నాలుగు వారాలకు ఫెరిటిన్ బాగా పెరిగింది, హిమోగ్లోబిన్ మాత్రం 9.3 దగ్గర ఆగింది. ఐరన్ ఉన్నా రక్తం తయారవడం లేదంటే, కిడ్నీ తయారుచేయాల్సిన ఎరిత్రోపాయిటిన్ చాలడం లేదన్నమాట. కిడ్నీ వైద్యుడు వారానికోసారి ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టాడు. 28 వారాలకు 10.4. ఈ ఇంజెక్షన్ బీపీని పెంచగలదు కాబట్టి వేసిన వారమంతా బీపీ మీద కన్నుంచాలి.

రక్తం ఎక్కించేస్తే రెండు రోజుల్లో తేలిపోయేది కదా అని కుటుంబం అడిగింది. పాతికేళ్లకే కిడ్నీ సగం పోయిన మనిషికి ఏదో ఒకరోజు మార్పిడి అవసరం రావచ్చు. ఎక్కించిన ప్రతి రక్తం సీసా ఆమె ఒంట్లో యాంటీబాడీలు పెంచి, రేపు సరిపోయే కిడ్నీ దొరకడాన్ని కష్టం చేస్తుంది. ప్రాణం మీదికొస్తే తప్ప రక్తం వద్దన్నది అందుకే.

25 వారాలకు క్రియాటినిన్ ఉన్నట్టుండి 1.4 అయింది. అంతకుముందు 16 వారాలకు 1.1కు, 20 వారాలకు 1.0కు దిగింది. మధ్య నెలల్లో అలా దిగడం మంచి సూచన, దిగకపోవడమే చెడు. అందుకే ఈ ఎగుడు కంగారు పెట్టింది. బీపీ లేదా ప్రీఎక్లాంప్సియా అనుకునే ముందు అడగాల్సిన ప్రశ్న అడిగాం. నడుంనొప్పికి ఊళ్లో రెండు సూదులు వేయించుకుంది. కార్డు చూపించిందట, వేసినాయన ‘ఒక్కటికేం కాదు’ అన్నాడట. ముఖద్వారం కొలిస్తే మారలేదు, నొప్పులు కావు. సూదులు ఆపి, నీళ్లు పెంచితే పది రోజుల్లో 1.1కు దిగింది. ఆ తర్వాత ఆశా కార్యకర్త ద్వారా ఆ సూదులాయనకే నేరుగా ఫోన్ చేయించాం. గర్భిణికి చెప్పడం కంటే సూది వేసేవాడికి చెప్పడం ఎక్కువ పనిచేసింది.

29వ వారం: ఆగాలా, తీయాలా?

24 వారాలకు ఇంటి దగ్గర బీపీ రెండుసార్లు 142/92 రావడంతో బీపీ మందు లెబెటలాల్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టాం. ఆమెకు ఆయాసం జబ్బు లేదు కాబట్టి ఈ మందుకు అడ్డు లేదు. కిడ్నీ రోగులకు బయట ఎక్కువగా వాడే టెల్మిసార్టాన్, ఎనాలాప్రిల్ గర్భంలో నిషిద్ధం. 135/85 దాటకుండా ఉంచడమే లక్ష్యం.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే చాలదు. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్లు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద, పట్టీ బట్ట మీద కాకుండా చేతి మీద. ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు. ప్రీఎక్లాంప్సియాలో కొన్ని ఆటోమేటిక్ మిషన్లు తక్కువ చూపిస్తాయి, కాబట్టి నెలకోసారి ఆ మిషన్ తెప్పించి చేతి పరికరంతో పోల్చాం.

29 వారాలకు బీపీ 150/98, ప్రొటీన్ నిష్పత్తి 0.5, క్రియాటినిన్ 1.2. తీయాలన్న ఒత్తిడి ఇక్కడే మొదలైంది. అసలు చిక్కు ఏమిటంటే, కిడ్నీ జబ్బు ముదిరినా ప్రీఎక్లాంప్సియా వచ్చినా ఈ మూడూ ఇలాగే పెరుగుతాయి. మొదటిదైతే బీపీ మందులు పెంచి వారాలు సంపాదించుకోవచ్చు, రెండోదైతే రోజుల లెక్క. ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, కాలేయ పరీక్షలు మామూలు, తలనొప్పి లేదు. బిడ్డ 28 వారాలకు 1,060 గ్రాములు ఉంది, కాస్త చిన్నదే గానీ బొడ్డుతాడులో రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ బాగుంది. మాయ నుంచి వచ్చే రెండు ప్రొటీన్ల నిష్పత్తి చూసే ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ–పీఎల్‌జీఎఫ్ పరీక్ష పెద్ద ల్యాబుకు పంపాం, 31 వచ్చింది. 38 లోపు ఉంటే వచ్చే వారం రోజుల్లో ప్రీఎక్లాంప్సియా రాదని దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఆ హద్దును కళ్లు మూసుకుని నమ్మలేం గానీ, మిగతావన్నీ అటే చూపిస్తున్నప్పుడు ధైర్యం ఇస్తుంది. లెబెటలాల్ 200 చొప్పున మూడుసార్లకు పెంచి, నిఫెడిపిన్ రిటార్డ్ 20 రెండుసార్లు కలిపాం. ఆగాం.

బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు అప్పుడే వేసెయ్యమన్న సలహా కూడా వచ్చింది. వేయలేదు. ఆ ఇంజెక్షన్ల బలం మొదటి రోజు దాటాక వారం దాకా బాగా ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. ‘ఎందుకైనా మంచిది’ అని 29కి వేసి 34కి కాన్పు చేస్తే అవసరమైన రోజున ఫలితం మిగలదు. పదేపదే వేయడం బిడ్డ ఎదుగుదలకు మంచిది కాదు.

ఎక్కడ కాన్పు అన్నది మాత్రం 28 వారాలకే తేల్చేశాం. నవజాత శిశువుల వార్డు, ఐసీయూ, డయాలిసిస్ మూడూ ఒకే ప్రాంగణంలో ఉన్న చోటే. ఇచ్ఛాపురం వైపు నుంచి హైవే మీద శ్రీకాకుళం చేరాలంటే రెండు గంటల మాట, అర్ధరాత్రి 108 కోసం ఎదురుచూసే సమయం దానికి అదనం. బిడ్డను పుట్టాక తరలించడం కంటే కడుపులో ఉండగా తల్లిని తరలించడం ఎప్పుడూ మేలు. 32 వారాలకు ఆమె శ్రీకాకుళంలో ఉన్న మేనత్త ఇంటికి వచ్చేసింది. ఖర్చు లేని ఈ ఒక్క ఏర్పాటు మందులన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది.

‘ఎనిమిదో నెల’

32 వారాలకు బిడ్డ 1,560 గ్రాములు, ఎదుగుదల గీత కిందికి జారింది. డాప్లర్‌లో రక్తప్రవాహానికి అడ్డు పెరిగింది, ప్రవాహం మాత్రం ఆగలేదు. వారానికి రెండుసార్లు చూస్తూ వచ్చాం. 33 వారాల 5 రోజులకు తలనొప్పి, బీపీ 164/108, ప్లేట్‌లెట్లు 1.12 లక్షలు, కాలేయ ఎంజైమ్‌లు రెట్టింపు, క్రియాటినిన్ 1.6. ఇక మాయ పరీక్ష మళ్లీ పంపలేదు, అది కొత్తగా చెప్పేదేమీ లేదు. ప్రీఎక్లాంప్సియా వచ్చేసింది. బీపీ దిగి, ఆమె నిలకడగా ఉంటే స్టెరాయిడ్ పనిచేసే రెండు రోజులు ఆగి, 34 నిండగానే తీయాలని నిర్ణయించాం.

అత్తగారు ఒప్పుకోలేదు. ‘‘ఏడో నెల్లో పుట్టినోడైనా బతుకుతాడు గానీ, ఎనిమిదో నెల్లో పుట్టినోడు బతకడమ్మా. ముందుదీ ఎనిమిదో నెల్లోనే తీసీసారు, పోయాడు. తొమ్మిది రానియ్యండి’’ అంది. ఆమె లెక్కలో తప్పులేదు. 31 వారాలంటే ఏడు నెలలు నిండి ఎనిమిదోది. ఇప్పుడు 34 కూడా నెలల లెక్కన ఎనిమిదే. ఆమె కళ్లముందు జరిగినదే ఆ నమ్మకాన్ని గట్టిచేసింది. నాలుగు వారాలకొక నెల చొప్పున లెక్క కట్టి ‘తొమ్మిది పడిందమ్మా’ అని చెప్పేస్తే సులువుగా అయిపోతుందని ఒక సూచన వచ్చింది. అలా చెప్పకూడదు. రేపు బిడ్డకు ఏదైనా అయితే ఆ లెక్క బయటపడుతుంది, ఆ ఊళ్లో తర్వాతి గర్భిణి మన మాట వినదు.

బదులుగా శిశు వార్డు నర్సు ఆమెను కూర్చోబెట్టి రెండు బరువులు చెప్పింది: అప్పుడు 1,100 గ్రాములు, ఇప్పుడు 1,800 దగ్గర. అప్పుడు ఊపిరితిత్తులకు సూది వేసే వ్యవధి లేదు, ఇప్పుడు ఉంది. ఆగితే బిడ్డ పెరుగుతుందా అంటే, స్కాన్ గీత చూపించి, పెరగడం లేదని చెప్పింది. కోడలికి ఫిట్స్ రావచ్చని కూడా చెప్పింది. ఆ సాయంత్రానికి సంతకం అయింది.

బెటామెథసోన్ 12 మిల్లీగ్రాములు, 24 గంటల ఎడంతో రెండు. అది లేనిచోట డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి నాలుగు. బీపీ వెంటనే దించడానికి నిఫెడిపిన్ 10 మిల్లీగ్రాముల మామూలు రకం నోటితో, 20 నిమిషాలకు మళ్లీ ఒకటి.

ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ దగ్గర ఆలోచించాల్సి వచ్చింది. ఒంట్లోంచి దాన్ని బయటికి పంపేది కిడ్నీలే. మొదట ఒకేసారి ఇచ్చే లోడింగ్ డోసుకు కిడ్నీ జబ్బు అడ్డు కాదు, ఆ తర్వాతి డోసులకే అడ్డు. 50 శాతం మందు 8 మిల్లీలీటర్లకు 12 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే 20 మిల్లీలీటర్లలో 4 గ్రాములు. అది 15–20 నిమిషాల్లో నెమ్మదిగా నరానికి ఇచ్చాం. తర్వాత పిరుదుల్లో 5 గ్రాములు చొప్పున వేసే మామూలు పద్ధతి వద్దనుకున్నాం, కండలోకి వెళ్లిన మందును వెనక్కి తీయలేం. పంపుతో గంటకు 1 గ్రాము, ఎప్పుడైనా ఆపేయవచ్చు. గంట గంటకూ మోకాలి కుదుపు, శ్వాస నిమిషానికి 16 పైన, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల పైన. మంచం పక్కనే దానికి విరుగుడైన 10 శాతం క్యాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు తీసి పెట్టి ఉంచాం. ఆరు గంటలకు రక్తంలో మెగ్నీషియం 5.6, హద్దులోనే ఉంది.

34 వారాలు నిండిన రోజున సిజేరియన్, నడుముకు మత్తు. పాత కోత, మూసుకుని ఉన్న ముఖద్వారం, అలసిన బిడ్డ: నొప్పులు తెప్పించే అవకాశం తీసుకోలేదు. ఆపరేషన్ షీట్‌లో మూడు గీతలు ముందే కొట్టాం. అన్ని సిజేరియన్లకూ అచ్చయి ఉండే డైక్లోఫినాక్ కొట్టేసి పారాసిటమాల్ 1 గ్రాము ఎనిమిది గంటలకోసారి, దానికి తోడు ట్రమడాల్. కిడ్నీకి చేటు చేసే జెంటమైసిన్ కొట్టేసి సెఫజోలిన్. రక్తస్రావం ఆపడానికి మెథర్జిన్ వద్దు, బీపీ ఆకాశానికెళ్తుంది, ఆక్సిటోసిన్ చాలు. రాత్రి డ్యూటీ మారినప్పుడు పాత అలవాటు మీద ఒక డైక్లోఫినాక్ పడినా నెలల శ్రమ నీళ్లపాలు అవుతుంది.

తర్వాత

ఆడబిడ్డ, 1,790 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది, నిమిషం ఆగి బొడ్డు కోశారు. ఒక రోజు ఊపిరికి సాయపడే సీపాప్ మిషన్ మీద ఉంది. ముర్రుపాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టారు, రెండో రోజు నుంచి తల్లి ఒంటికి, తల్లి ఐసీయూలో ఉన్న వేళల్లో అత్తగారి ఒంటికి ఆనించి కంగారూ సంరక్షణ. రెండు వారాల లోపే ఇంటికి వెళ్లింది. 2 కిలోల లోపు పుట్టింది కాబట్టి నాలుగో వారానికి కంటి రెటీనా పరీక్ష తేదీ డిశ్చార్జి కాగితం పైభాగంలో పెద్ద అక్షరాలతో రాశాం. బిడ్డ బాగుంటే ఈ తేదీనే అందరూ మరిచిపోతారు.

తల్లి బీపీ నాలుగో రోజున మళ్లీ పెరిగింది. కాన్పయ్యాక మూడు నుంచి ఆరు రోజుల మధ్య పెరగడం తరచూ చూసేదే, అందుకే మూడో రోజు ఇంటికి పంపలేదు. క్రియాటినిన్ 1.7 దాకా వెళ్లి ఆరు వారాలకు 1.4, మూడు నెలలకూ 1.4. కాపర్-టీ ఆపరేషన్‌లోనే వేశాం. ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు ఈమెకు పనికిరావు.

ఈ కేసు తర్వాత మారిన పద్ధతి

ఉద్దానం నుంచి వచ్చే ప్రతి గర్భిణికీ మొదటి రక్త నమూనాలోనే క్రియాటినిన్. 0.8 దాకా ఉంటే మళ్లీ 28 వారాలకు. 0.9 ఆ పైన ఉంటే వారంలో అదే ల్యాబులో మళ్లీ, దానితోపాటు ప్రొటీన్ నిష్పత్తి, కిడ్నీల స్కాన్. పట్టీలో ప్రొటీన్ లేదని వదలడం లేదు. ప్రతి నెలా 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ శిబిరంలో ఈ పరీక్ష కలపడం కష్టమేమీ కాదు. సూది అదే, నమూనా అదే. ల్యాబు కాగితం మీద ‘గర్భిణి’ అని రాసి పంపినా అచ్చయ్యే హద్దులు మారవు, కాబట్టి చూసేవాళ్లే అంకె పక్కన చేత్తో ‘గర్భిణికి ఎక్కువ’ అని రాయాలి.

తీవ్ర ప్రీఎక్లాంప్సియాతో ముందుగా కాన్పయిన ఏ మహిళనైనా మూడు నెలలకు పిలిచి బీపీ, ప్రొటీన్, క్రియాటినిన్ చూడాలి. అప్పటికి తగ్గకపోతే అది గర్భంతో వచ్చిన జబ్బు కాదు. ఈమె మొదటి కాన్పు తర్వాత ఆ పరీక్ష జరిగి ఉంటే రెండో గర్భానికి ముందే కిడ్నీ వైద్యుడి దగ్గర ఉండేది, ఆ రెండేళ్లలో వాడిన నొప్పి మాత్రలు ఆగేవి. బిడ్డ పోయిన తల్లిని టీకాలకు రమ్మని పిలిచేవారుండరు, అందుకని ఈ పిలుపు ఆమె పేరు మీదే ఏఎన్ఎం రిజిస్టర్‌లో విడిగా ఉండాలి.